రెండేళ్ల థియేటర్ పీజీ: పాఠాలు సరే, మార్కులెలా వేస్తారు?

మా పరిషత్తు నాటకాల (ఊళ్లలో జరిగే నాటక పోటీల) వాట్సాప్ గ్రూపులో ఎండాకాలం వచ్చిందంటే ఇదే ప్రశ్న. "అక్కా, మీరు చేసిన థియేటర్ పీజీ ఎలా ఉంటుంది? మావాణ్ణి చేర్పించొచ్చా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. యూనివర్సిటీ పేరు రాయను. తెలుగు నేల మీదున్న ప్రభుత్వ యూనివర్సిటీ, అంతవరకు చాలు. మంచీ చెడూ మొహమాటం లేకుండా చెప్పాలంటే పేరు లేకపోవడమే నయం.

మాది తెనాలి. ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు స్కూల్ అసిస్టెంట్‌ని. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన ఊరు కాబట్టి మా వీధుల్లో నాటకం పిచ్చిని ఎవరూ వింతగా చూడరు. పెళ్లికి ముందు నాటికల్లో వేషాలు వేశాను. తర్వాత లైటింగ్ వైపు మళ్లాను, అదే బాగా పట్టుకుంది. సెలవు పెట్టి మరీ ఈ కోర్సులో చేరడానికి కారణం కూడా అదే. ఇక పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో పేపర్లు దిద్దీ దిద్దీ, ఏ చదువును చూసినా నా కళ్లు ముందు మార్కుల మీదికే పోతాయి. వృత్తి దోషం అనుకోండి. ఈ రివ్యూలో ముప్పాతిక వంతు అదే ఉంటుంది, ముందే చెబుతున్నా.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఫీజు ప్రైవేటు యాక్టింగ్ ఇన్‌స్టిట్యూట్ల వాళ్లు అడిగేదాంట్లో మూలకి కూడా రాదు. హాస్టల్ భోజనం ఏ హాస్టల్లో ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. లైబ్రరీ బాగుంది, పాత తెలుగు నాటకాల ప్రతులు ఇంకెక్కడా దొరకనివి అక్కడ ఉన్నాయి. ప్రదర్శనలకు నల్లరంగు వేసిన బ్లాక్ బాక్స్ గది ఒకటుంది. అందులో ఏసీ ఉంది గానీ పనిచేస్తుందని నమ్ముకోకండి. లైట్లు పాతవే, కొన్ని పార్ క్యాన్లు, రెండు ఫ్రెనెల్స్, స్లైడర్లు ఇరుక్కుపోయే డిమ్మర్ బోర్డు (లైట్ల వెలుతురు పెంచీ తగ్గించేది). వాటితోనే పని నేర్చుకోవచ్చు.

ఇక మార్కులు. పైకి కనిపించే లెక్క అన్ని యూనివర్సిటీల్లో ఉన్నదే. యూజీసీ చెప్పిన పది పాయింట్ల పద్ధతిలో 'ఓ' (O) గ్రేడు అంటే 10, ఎ ప్లస్ 9, ఎ 8, బి ప్లస్ 7, బి 6, అలా దిగుతూ పోతుంది. థియరీ అయితే వారానికి గంట పాఠానికి ఒక క్రెడిట్, ప్రాక్టికల్ అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. నాలుగు క్రెడిట్ల ప్రొడక్షన్ పేపరంటే కాగితం మీద వారానికి ఎనిమిది గంటలు. నాటకం దగ్గర పడ్డాక వాచ్‌మన్ వచ్చి లైట్లు ఆపేదాకా మేం ఆ గదిలోనే ఉండేవాళ్లం. ఆ గంటలు ఏ క్రెడిట్‌లోకీ రావు. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు, నాటకం వాళ్లకు అది అలవాటే. కానీ ఆ గంటల్లో జరిగింది ఎవరైనా చూశారా, చూసి ఏమన్నా రాశారా అన్నది వేరే సంగతి.

మొదటి సెమిస్టర్‌లో యాక్టింగ్ చెప్పిన సారు మాత్రం చూశారు. మొదటి క్లాసులోనే అందరి చేతుల్లో ఒక పేజీ పెట్టారు. "ఇదేనమ్మా మీ ప్రశ్నపత్రం, ఇప్పుడే లీక్ చేస్తున్నా" అన్నారు. పేజీలో ఐదు వరసలు: వాచికం, శరీరం, పాఠం మీద పట్టు, ఎదుటి నటుణ్ణి వినడం, సాధన. ఒక్కో వరసకి నాలుగు గడులు. మామూలుగా ఇలాంటి పట్టికల్లో "బాగుంది, చాలా బాగుంది, అద్భుతం" అని నింపి వదిలేస్తారు, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఈయన అలా రాయలేదు. వినడం అనే వరస నాకింకా కంఠతా వచ్చు.

ఒకటో గడి: "తన డైలాగ్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నట్టు కనిపిస్తాడు." రెండు: "విన్నట్టు ముఖం పెడతాడు. కానీ ఎదుటి మాట మారినా ఇతని జవాబు మారదు." మూడు: "ఎదుటి మాటను బట్టి ఇతని గొంతు, వేగం మారతాయి." నాలుగు: "మాట లేనప్పుడు కూడా మన చూపు ఇతని మీదికి పోతుంది, అయినా సీను ఎదుటివాడిదిగానే ఉంటుంది."

మా బ్యాచ్‌లో పరిషత్తుల్లో రెండు మూడు ఉత్తమ నటుడి బహుమతులు కొట్టి వచ్చిన కుర్రాడొకడున్నాడు. గొంతు ఖంగుమంటుంది, హాలు చివరి వరసకీ వినబడుతుంది. సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్షలో వాడికి వినడం దగ్గర రెండు పడింది. వాడికి ఎక్కడో కాలింది. "సార్, నేను వినలేదని మీకెలా తెలుసు?" అని అందరి ముందూ అడిగేశాడు. సారు ఏమీ అనలేదు. మర్నాడు అదే సీను మళ్లీ వేయించారు. తండ్రీ కూతుళ్ల సీను. కూతురు "రేపు పొద్దున్నే వెళ్లిపోతున్నా నాన్నా" అనాలి, తండ్రి కుప్పకూలిపోవాలి. కూతురు వేషం వేసిన అమ్మాయికి సారు ముందే చెవిలో ఏదో చెప్పి ఉంచారు. ఆ పిల్ల "రేపు వెళ్లడం లేదు నాన్నా" అంది. మనవాడు ఏమాత్రం తడబడకుండా అదే దుఃఖంతో, అదే చోట ఊపిరి తీసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని కుప్పకూలిపోయాడు. క్లాసంతా ఒకటే నవ్వు. వాడూ నవ్వేశాడు. "రెండంటే ఇదేరా" అన్నారు సారు. సెమిస్టర్ చివరికి వాడు మూడు దాకా వచ్చాడు. గొంతు సగానికి తగ్గింది, మనిషి రెట్టింపు కనిపించాడు.

స్పాట్ వాల్యుయేషన్లో మాకూ కీ పేపరిస్తారు. ఏ పాయింటుకి ఎన్ని మార్కులో అందులో ఉంటుంది. కానీ అది దిద్దేవాళ్ల కోసం, పరీక్ష అయిపోయాక వచ్చేది. పిల్లాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఈ సారు చేసింది ఆ కీని ముందే చేతికివ్వడం, పైగా మార్కు ఎందుకు తగ్గిందో స్టేజీ మీద చూపించడం. ఇదొక్కటి చూడ్డానికైనా ఈ కోర్సులో చేరొచ్చంటాను.

ఆయన పెట్టించిన ఇంకో పని రిహార్సల్ డైరీ. మొదట అందరం తిట్టుకున్నాం. "ఈరోజు రిహార్సల్ బాగా జరిగింది, చాలా నేర్చుకున్నాను" అని స్కూలు పిల్లల కాంపోజిషన్‌లా రాసేవాళ్లం. ఆయన ఆ పేజీల మీద అడ్డంగా గీత కొట్టి తిరిగిచ్చేవారు. మార్కు సున్నా. నిన్న చేసినదాంట్లో ఇవాళ ఏది మార్చావు, ఎందుకు మార్చావు, మళ్లీ వెనక్కి వెళ్లావా, ఇవే రాయాలి. నా లైటింగ్ డైరీల్లో ఇప్పటికీ ఆ పద్ధతే నడుస్తోంది.

తోటివాళ్ల చేత మార్కులు వేయించడం అనే ప్రయోగం మాత్రం మొదట నవ్వులపాలైంది. ఒకరికొకరం పదికి పది వేసుకున్నాం. మరి ఒకే హాస్టల్లో ఉండి, ఒకే కుక్కర్లో వండుకుని, ఎవరు ఎవరికి ఆరు వేస్తారు? తర్వాత అంకెలు తీసేసి, "ఈ మనిషి రాకపోతే నీ పని ఎక్కడ ఆగుతుంది?" అని ఒకే ప్రశ్న పెట్టారు. అప్పుడు నిజాలు బయటపడ్డాయి. ప్రాపర్టీస్, అంటే స్టేజీ మీద వాడే సామాను, చూసే నెమ్మదస్తుడి పేరు దాదాపు అందరి కాగితాల్లోనూ వచ్చింది, హీరో వేషం కుర్రాడి పేరు ఎవరూ రాయలేదు.

రెండో సెమిస్టర్‌లో కమ్యూనికేషన్ డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి చెప్పే పేపరొకటుంది, పబ్లిక్ స్పీకింగ్, యాంకరింగ్ కలిపి. అక్కడ పట్టిక బయటినుంచి తెచ్చుకున్నది. అమెరికాలోని నేషనల్ కమ్యూనికేషన్ అసోసియేషన్ వాళ్లు తయారుచేసిన 'కాంపిటెంట్ స్పీకర్' ఫారంలో ఎనిమిది అంశాలుంటాయి: విషయం ఎంచుకోవడం, ఉద్దేశం స్పష్టంగా చెప్పడం, ఆధారాలు, అమరిక, భాష, గొంతులో వైవిధ్యం, ఉచ్చారణ వ్యాకరణాలు, హావభావాలు. మా మేడం వాటిని తెలుగులోకి దించి ఒక షీటు చేశారు. ప్రయత్నం మంచిదే, చాలాచోట్ల పనికొచ్చింది కూడా. ఆధారాలకు విడిగా మార్కులుండటంతో గాలి కబుర్లు చెప్పి ఒడ్డున పడే వీల్లేకపోయింది.

గొడవ ఏడో అంశం దగ్గరొచ్చింది. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి ఒకతె పలాస జీడిపప్పు పనివాళ్ల గురించి ఐదు నిమిషాలు మాట్లాడింది. జీడిపిక్క పెంకులోంచి వచ్చే నూనె చేతికి తగిలితే చర్మం కాలిపోతుంది. వాళ్లమ్మ ఆ పనికి వెళ్తుంది, బూడిద రాసుకుని పిక్కలు కొడుతుంది. ఆ పిల్ల తన రెండు చేతులూ ముందుకు చాపి, అమ్మ వేళ్లు ఎక్కడెక్కడ నల్లబడ్డాయో తన వేళ్ల మీద చూపిస్తూ మాట్లాడింది. మాట్లాడిందంతా వాళ్ల ఊరి యాసలోనే. క్లాసులో ఎవరూ కదల్లేదు. షీటు వచ్చాక చూస్తే ఏడో వరసలో అందరికంటే తక్కువ. "ప్రామాణిక భాష లేదు" అని పక్కన ఎర్ర ఇంకుతో రాసి ఉంది.

నేను తెలుగు టీచర్ని. ప్రామాణిక భాష విలువ నాకు తెలుసు, న్యూస్ చదివేటప్పుడు అది కావాలి. కానీ ఇక్కడ అడిగింది న్యూస్ కాదు. మేం లైబ్రరీలో కూర్చుని అసలు ఇంగ్లిషు ఫారం తీసి చూశాం. అందులో ఏడో అంశం ఉచ్చారణ, వ్యాకరణం "ఎవరితో మాట్లాడుతున్నారో ఆ శ్రోతలకు తగినట్టు" ఉండాలనే అంటుంది. తెలుగులోకి వచ్చేసరికి శ్రోతలు జారిపోయారు, శుద్ధి మాత్రం మిగిలింది. మేడం దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ చదివి, ఒక నిమిషం ఆలోచించి, "సరే, నేనే కత్తిరించాను" అన్నారు. ఆ అమ్మాయికి మార్కు సరిచేశారు. తర్వాతి అసైన్‌మెంట్ నుంచి ఎవరి ముందు మాట్లాడుతున్నామో ముందే రాసివ్వమన్నారు: రైతులా, కాలేజీ పిల్లలా, టీవీ ప్రేక్షకులా. ఇలా వెనక్కి తగ్గే మాస్టర్లు ఎంతమంది ఉంటారు చెప్పండి. ఆవిడకి నా నమస్కారం.

ఇదే పేపర్లో ఇంకో తమాషా జరిగింది. ఇంటర్నల్ మార్కులకు అమెరికన్ కాలేజీల సంఘం, ఏఏసీ అండ్ యూ వాళ్లు, 2009లో తెచ్చిన 'వాల్యూ' రూబ్రిక్‌ని, అంటే మెట్లవారీగా పనిని అంచనా వేసే పట్టికని, వాడారు. మౌఖిక ప్రసంగానికి అందులో ఐదు అంశాలు, నాలుగు మెట్లు. చాలా శుభ్రమైన పట్టిక. కాకపోతే ఇది సంస్థ స్థాయిలో విద్యార్థుల అభ్యసనం గురించి చర్చించుకోవడానికి, గ్రేడ్లు వేయడానికి కాదు అని దాని తయారీదారులే పైన రాసిపెట్టారు. నాలుగో మెట్టు అంటే అక్కడి నాలుగేళ్ల డిగ్రీ పూర్తయ్యేసరికి చేరాల్సిన చోటు. దాన్ని తెచ్చి రెండో సెమిస్టర్ పిల్లలకు మార్కులుగా మారిస్తే అందరూ రెండు దగ్గరే కొట్టుకుంటారు. రెండుని నాలుగుతో భాగించి వందతో గుణిస్తే యాభై. నాలుగేళ్ల దూరం కొలిచే పట్టికతో ఒక్క సెమిస్టర్‌ని కొలిస్తే ఇంతే వస్తుంది. పాపం, కొందరు ఆ యాభై చూసుకుని ఏడ్చారు.

థియరీ పేపర్ల గురించి రాయాలంటే కాస్త బాధగా ఉంది, ఎందుకంటే పాఠాలు చాలా బాగా చెప్పారు. నాట్యశాస్త్రం చెప్పిన పెద్దాయన శ్లోకం చదివి అభినయించి చూపించేవారు. పరీక్ష దగ్గరికి వచ్చేసరికి అంతా పాత పద్ధతే, పదిహేను మార్కుల వ్యాసం, గైడు చూసి బట్టీ పట్టినా గట్టెక్కేయొచ్చు. మాకు వచ్చిన ప్రశ్న ఏంటో తెలుసా? "ప్రాశ్నికుల గురించి రాయండి."

తెలియనివాళ్ల కోసం చెబుతాను. నాట్యశాస్త్రం 27వ అధ్యాయం మొత్తం ప్రదర్శన సఫలమైందో లేదో ఎలా తేల్చాలి అన్న దాని మీదే. భరతుడు సిద్ధిని రెండుగా చెప్తాడు. ప్రేక్షకులు నవ్వడం, అయ్యో అనడం, సాధు సాధు అనడం, ఒళ్లు గగుర్పొడవడం, ఆనందం పట్టలేక ఒంటి మీది బట్టలూ ఉంగరాలూ తీసి ఇచ్చేయడం, ఇవన్నీ మానుషీ సిద్ధి. హాలు నిండుగా ఉండి, చప్పుడు లేకుండా, ఏ అలజడీ లేకుండా సాగిపోతే దైవీ సిద్ధి. నటుల మధ్య పోటీ వచ్చినప్పుడు తీర్పు చెప్పడానికి పదిమంది ప్రాశ్నికులు కావాలంటాడు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు, రాజు, విలువిద్య తెలిసినవాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు. ఒక్కొక్కరు ఒక్కో సంగతి చూస్తారు. విలుకాడు నిలబడే తీరు చూస్తాడు, చిత్రకారుడు వేషధారణ చూస్తాడు, శృంగారం సంగతి వేశ్య చెప్పాలి. ఈ గుణాలన్నీ ఒక్క మనిషిలో ఉండవని కూడా భరతుడే అంటాడు.

మేమందరం ఆ పదిమంది పేర్లూ వరసగా రాసి పదిహేనుకి పన్నెండు, పదమూడు తెచ్చుకున్నాం. పై సెమిస్టర్‌లో మా ప్రొడక్షన్‌కి మార్కులు వేయడానికి వచ్చింది ఒక్కరు.

ఆ సంగతికి వెళ్లేముందు న్యాక్ (యూనివర్సిటీల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గురించి ఒక మాట. మూడో సెమిస్టర్ అంతా న్యాక్ టీమ్ వస్తోందన్న టెన్షనే. గోడలకు కొత్త సున్నం, బాత్రూములకు కొత్త తలుపులు. ఫైళ్లలో ప్రతి పేపర్‌కీ కోర్స్ అవుట్‌కమ్‌లు (ఆ పేపర్ చదివాక విద్యార్థికి ఏం రావాలి అన్నవి), మొత్తం చదువుకి ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌లు, వాటి మధ్య ఒకటి, రెండు, మూడు అంకెలతో మ్యాపింగ్. నా చేతిరాత, ఎక్సెల్ రెండూ బాగుంటాయని నన్నూ కూర్చోబెట్టారు. ప్రతి అవుట్‌కమ్‌కీ అమెరికన్ విద్యావేత్త బ్లూమ్ పట్టికలోంచి ఒక క్రియ తగిలించాలి: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, విశ్లేషించడం, అలా. కూడియాట్టం (కేరళ సంస్కృత నాటకం) వర్క్‌షాప్‌లో కళ్ల కదలికల సాధనకి మేం "విశ్లేషించడం" అని రాశాం, వేరే గడి లేక. 1956లో బ్లూమ్ బృందం వేసిన పట్టిక ఆలోచనకు సంబంధించినది. 1964లో వాళ్లే భావాలకు ఒకటి వేశారు. శరీరంతో చేసే నైపుణ్యాలకు వాళ్లు వేయనే లేదు, తర్వాత వేరేవాళ్లు వేశారు. అవి కావాలని మేం అడిగితే "ఫార్మాట్లో ఈ కాలమ్ ఒక్కటే ఉందమ్మా, దీంట్లోనే సర్దు" అన్నారు ఆఫీసులో. సర్దాను. అవుట్‌కమ్‌లు రాసుకోవడం తప్పు పని కాదు. యాక్టింగ్ సారు పేజీ కూడా అవుట్‌కమ్‌ల పేజీయే కదా. తేడా అల్లా అది మా చేతుల్లోకి వచ్చింది, ఇది ఫైల్లోకి వెళ్లింది.

ఇప్పుడు ఫైనల్ ప్రొడక్షన్. మంగళగిరి నేతపనివాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లతో మాట్లాడి, మేమే అల్లుకున్న నాటకం. నాది లైటింగ్ డిజైన్. స్టేజీ మధ్యలో గుంట మగ్గం ఉండాలన్నది మొదటినుంచీ అనుకున్నదే. నేసేవాళ్ల కాళ్లు గుంటలో ఉంటాయి, పైన చేతులు, ముఖం మాత్రం కనిపిస్తాయి. బ్లాక్ బాక్స్‌లో నేల తవ్వలేం కాబట్టి ప్లాట్‌ఫారాలు ఎత్తు చేసి మధ్యలో ఖాళీ వదిలాం. ఆ ఖాళీలో అడుగున చిన్న లైటొకటి అంబర్ జెల్ (పసుపు రంగు పారదర్శక షీటు) చుట్టి పెట్టాను, పైనుంచి పడే వెలుతురు దాదాపు తీసేశాను. తల్లి పాత్రధారి పావుకోళ్లు (మగ్గం కింద కాళ్లతో తొక్కే చెక్కలు) తొక్కుతుంటే ఆమె కాళ్లే ఆ లైటుకి అడ్డొస్తూ పోతూ ఉంటాయి. దాంతో ముఖం మీద వెలుగూ నీడా మగ్గం లయలోనే ఊగుతాయి. దానికి డిమ్మర్ కదపక్కర్లేదు, క్యూ (ఎప్పుడు లైటు మార్చాలో చెప్పే సంకేతం) అక్కర్లేదు. అప్పులవాడు గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆమె తొక్కడం ఆపుతుంది. వెలుగు ముఖం మీద కదలకుండా నిలబడిపోతుంది. ఆ క్షణం కోసం లైటు కోణం ఎన్నిసార్లు మార్చానో డైరీ నిండా ఉంది. షో రోజు ఆ చోట హాల్లో దగ్గు కూడా వినబడలేదు. పెద్దాయన చెప్పిన దైవీ సిద్ధి ఇదేనేమో అని పక్కనున్న సౌండ్ కుర్రాడు నా చెవిలో అన్నాడు.

మర్నాడు వైవా. నూటికి నలభై ఇంటర్నల్, అరవై ఎక్స్‌టర్నల్. వచ్చిన ఎక్స్‌టర్నల్ గారు వేరే ఊరి ప్రొఫెసర్, పెద్దమనిషి, మర్యాదగానే మాట్లాడారు.

"నీ పాత్ర ఏంటమ్మా?"

"పాత్ర లేదు సార్. లైటింగ్ డిజైన్ నాది."

"ఓహో. బాగుంది. అభినయాలు ఎన్ని రకాలు?"

"నాలుగు సార్. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం."

"వెరీ గుడ్. వెళ్లిరామ్మా."

అంతే. క్యూ షీట్లు, ప్లాట్ డ్రాయింగులు, డైరీ, అన్నీ నా సంచిలోనే ఉండిపోయాయి. తర్వాత తెలిసింది, ఆయన చేతికిచ్చిన షీటులోనే ఆ నాలుగు అభినయాలు నాలుగు కాలమ్‌లుగా ఉన్నాయి, ఒక్కోదానికి పదిహేను మార్కులు. లైటింగ్‌ని ఆహార్యంలో, అంటే వేషధారణ, అలంకరణల కాలమ్‌లో, కలిపారు. మిగతా మూడు కాలమ్‌లలో నటించని మనిషికి ఏం వేయాలి? ఆయన తలా ఒక మధ్యరకం అంకె వేసి ఊరుకున్నారు. అన్ని సెమిస్టర్లలో నాకు వచ్చిన ఒకే ఒక్క బి గ్రేడు, నేను అన్నిటికంటే ఎక్కువ పనిచేసిన పేపర్లో వచ్చింది. సెట్ వేసిన అబ్బాయిదీ అదే కథ. నటించిన వాళ్లందరికీ ఎ, ఎ ప్లస్.

ఇందులో ఆ ప్రొఫెసర్ గారి తప్పు ఏముందని? ఒక సాయంత్రం షో చూశారు, ఒక షీటు ఇచ్చారు, నింపారు. మన పల్లెటూరి పరిషత్తుల్లో, దాతలు ఇచ్చే షీల్డులతో నడిచే పోటీల్లో కూడా రంగాలంకరణకూ ఆహార్యానికీ సంగీతానికీ వేర్వేరు బహుమతులుంటాయి. లైటింగ్ వాళ్లను స్టేజీ మీదికి పిలిచి మెమెంటో ఇచ్చిన చోట్లకి నేనే వెళ్లాను. పీజీ ఇచ్చే యూనివర్సిటీకి ఆ మాత్రం కాలమ్ లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రీవాల్యుయేషన్ పెడదామంటే థియరీ జవాబు పత్రాలకే ఉంది, ప్రాక్టికల్స్‌కి లేదు. నిజమే, నిన్న అయిపోయిన షోని మళ్లీ ఎవరు దిద్దుతారు? వీడియో తీసి ఉంచితే కొంతవరకు కుదిరేది. మా బ్యాచ్ షోల్లో కొన్నిటికే వీడియో ఉంది, అదీ ఎవరో ఫోన్లో తీసింది. లైటింగ్‌కి ఫోన్ వీడియో పనికిరాదు, కెమెరా తనకు తోచినట్టు వెలుతురు సర్దేసుకుంటుంది. హెచ్ఓడీ గారిని కలిశాం. "మీరన్నది కరెక్టేనమ్మా, కానీ షీటు మార్చాలంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెట్టాలి" అన్నారు, సిలబస్ తేల్చే కమిటీ అది. అర్జీ రాసి, యాక్టింగ్ సారు పేజీలాంటిదే డిజైన్ వాళ్ల కోసం ఒకటి తయారుచేసి జత చేశాం. చూసేవాడి కన్ను ఎటు పోవాలో వెలుగు చెప్పిందా, నటుడు చీకట్లో పడ్డాడా, క్యూ మాటకి ముందొచ్చిందా తర్వాతొచ్చిందా, ఉన్న సామానులోనే పరిష్కారం వెతికారా, ఇలా. జూనియర్ల మాటని బట్టి ఇప్పుడు డిజైన్‌కి వేరే షీటు వచ్చింది. ఎక్స్‌టర్నల్ మాత్రం ఇంకా ఒక్కరే.

రేటింగ్ అడుగుతారు కాబట్టి చెబుతున్నా. బోధనకి ఐదుకి నాలుగున్నర. రోజువారీ దిద్దుబాటుకి నాలుగు, అదీ ఎవరు చెప్తున్నారన్న దాని మీద ఆధారపడి. సెమిస్టర్ చివరి ప్రాక్టికల్ పరీక్షలకి రెండు. నటన వైపు వెళ్లేవాళ్లు కళ్లు మూసుకుని చేరొచ్చు. యాంకరింగ్, రేడియో ఆశలున్నవాళ్లకూ రెండో సెమిస్టర్ ఒక్కటే ఫీజంతా రాబడుతుంది. సర్టిఫికెట్ మీద మంచి గ్రేడు పడితే ఎక్కడో లెక్చరర్ పోస్టుకి అప్లై చేయాలనుకునే డిజైన్ వాళ్లు మాత్రం రెండుసార్లు ఆలోచించండి.

చేరేముందు డిపార్ట్‌మెంట్‌కి ఒకసారి వెళ్లిరండి, ఈ కోర్సే అని కాదు, ఏ ఊళ్లో ఏ థియేటర్ కోర్సైనా సరే. పోయినేడాది ప్రాక్టికల్‌కి వాడిన మార్కుల షీటు చూపించమని అడగండి. చూపిస్తే సగం నమ్మొచ్చు. ఎక్స్‌టర్నల్ షో రోజే వస్తారా, రిహార్సల్ ఒకటైనా చూస్తారా అని అడగండి. షోలు సరైన కెమెరాతో రికార్డు చేసి దాచుతారా అనీ అడగండి. సీనియర్లని పట్టుకుని "నీకు మార్కెక్కడ తగ్గింది, ఎందుకు తగ్గిందో నీకు చెప్పారా?" అంటే ఆఫీసులో చెప్పని సంగతులన్నీ చెప్తారు, ఒక టీ ఇప్పిస్తే చాలు. ఎంట్రన్స్‌లో మోనో యాక్షన్ చేయిస్తారు, ఒక పేజీ ఏదైనా చదివిస్తారు. లైటింగ్, సెట్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు మీ స్కెచ్‌లు, క్యూ షీట్లు వెంట తీసుకెళ్లండి. వాళ్లు అడగరు, మీరే తీసి బల్ల మీద పెట్టండి.